ఒక ముఖం, రెండు కొలువులు

"చూడు. బాగా చూసి చెప్పు. ఎవరిదీ ముఖం?"

అన్నపూర్ణమ్మ సెల్‌ఫోను ముందుకు చాపింది. ఆవిడ గడప దాటి లోపలికి రాలేదు. కూర్చోమని త్రివేణి పీట వేస్తే దాని వంక కూడా చూడలేదు. హెచ్ఎంటీ నగర్ నుంచి ఎండలో నడిచి వచ్చిన మనిషి, మంచినీళ్ళు ఇస్తే వద్దంది. రిటైరైన టీచరమ్మకు కోపం వస్తే ఎలా ఉంటుందో నాచారంలో ఆ వీధి వీధంతా చూస్తోంది.

త్రివేణి కాగితపు గుజ్జు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. తెర మీద ఎవరిదో దసరా బొమ్మల కొలువు. మూడో మెట్టు మీద కిరాణా కొట్టు. బియ్యం, కందిపప్పు, బెల్లం కుప్పలుగా పోసుకుని శెట్టిగారు కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య తక్కెడ పట్టుకుని ఉంది. ఆవిడ ఎడమ బుగ్గ కాస్త ఉబ్బెత్తుగా ఉంది.

త్రివేణి ఫోనును ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసింది.

ఆ బుగ్గ తను చేసిందే. మట్టితో మూడుసార్లు చేసి, మూడుసార్లూ చెరిపి, నాలుగోసారికి కుదిరిన బుగ్గ. "మా అమ్మ ఎప్పుడూ ఆకువక్క ఎడమ దవడకే పెట్టుకునేది, ఫొటోలో అది తెలియదు, నువ్వే ఊహించుకోవాలి" అని అన్నపూర్ణమ్మ రోజూ వచ్చి పక్కన కూర్చునేది. నాలుగోసారి చూసి, కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మట్టి ముఖానికి ప్లాస్టర్ అచ్చు తీసి, అచ్చులో కాగితపు గుజ్జు నింపి, ఎండబెట్టి, రంగులు వేసి, గుంటూరు నేత చీర ముక్క కట్టి ఇచ్చింది త్రివేణి.

"నిన్న ఉప్పల్లో త్రిపురసుందరి గారింటికి పేరంటానికి వెళ్ళాను" అంది అన్నపూర్ణమ్మ. "తాంబూలం అందుకుని కొలువు చూద్దామని వంగితే మా అమ్మ! చుట్టూ అంతమంది ముత్తైదువలు. ఎవరితో చెప్పుకోను? అది మా అమ్మండీ అంటే నవ్వరూ? మా అమ్మను తెచ్చి నీ చేతిలో పెట్టాను త్రివేణీ. నువ్వు తీసుకెళ్ళి పప్పులు తూయించావు!"

"మేడం, నేను చెయ్యలే. దేవుని మీద ఒట్టు."

"మరి ఆ అచ్చు ఏమైంది? ఒక ముఖం ఒక ఇంటికేనండీ, బొమ్మ మా గడప దాటగానే అచ్చు పగలగొడతాం అని నాకు చెప్పింది ఎవరు?"

త్రివేణి ఇంటికి బోర్డు లేదు. కార్డులు అచ్చు వేయించుకోలేదు. ఆ ఒక్క మాటే ఆమె బోర్డు. పోయిన తల్లిదండ్రుల ఫొటోలు పట్టుకుని జనం ఆమె గుమ్మం వెతుక్కుంటూ వచ్చింది ఆ మాట మీదే. తమవాళ్ళ ముఖం తమ కొలువులో తప్ప ఇంకెక్కడా ఉండదన్న నమ్మకం అది.

"పలగ్గొట్టినం మేడం. ముక్కలు నేను కండ్లార చూసిన."

"నీ చేత్తో పగలగొట్టావా?"

త్రివేణి వెనక్కి తిరిగింది. ఆడపడుచు దీప గోడవార కూర్చుని బ్రష్‌తో జిగురు రాస్తూ ఒక బొమ్మ చీరకు జరీ అంచు అతికిస్తోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"దీప పలగ్గొట్టింది" అంది త్రివేణి. "అచ్చులు పలగ్గొట్టుడు దాని పనే."

"ఏమ్మా దీపా?"

దీప అతికించిన అంచునే మళ్ళీ అదమసాగింది.

అన్నపూర్ణమ్మ భుజాన ఉన్న సంచిలోంచి తువ్వాలులో చుట్టిన బొమ్మను తీసి గడప మీద పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉంచుకో. ఆ రెండోదాన్ని తెచ్చి నా ముందు పెడితే అప్పుడు దీన్ని తీసుకెళ్తాను. మూలా నక్షత్రం నాడు మా ఇంట్లో సరస్వతీ పూజ. ఆలోపల తేవాలి. తేలేదనుకో, నీ దగ్గరకు ఎవరెవరిని పంపించానో వాళ్ళందరికీ నేనే ఫోన్లు చేసి చెబుతాను. పంపించింది నేనే కదా, చెప్పాల్సిన బాధ్యతా నాదే."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. తెలంగాణ సమ్మెతో బస్సులు లేవు, ఆ ఎండలో మళ్ళీ నడిచే పోవాలి.

* * *

లోపలి గదిలోంచి శివ అప్పుడు బయటికి వచ్చాడు. ఇంత గొడవ జరుగుతున్నంతసేపూ మొగుడు గడ్డం గీసుకుంటూనే ఉన్నాడా అని త్రివేణికి తోచలేదు. ఆమె కళ్ళు దీప మీదే ఉన్నాయి.

"దీపా, నువ్వు నాకు సూపిచ్చిన ముక్కలు ఏ అచ్చువి?"

దీప జిగురు చేతిని గుడ్డకు తుడుచుకుంటోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

"నిన్నే అడిగేది."

"పాతయి" అంది దీప. "చెవి విరిగిన వినాయకుని అచ్చు ఉండె గద. అవి దాని ముక్కలు."

మూల కూర్చుని తంగేడు పూలు కట్టలు కడుతున్న అత్తగారు లక్ష్మీనర్సమ్మ చేతులు ఆపలేదు. సాయంత్రం బతుకమ్మ పేర్చాలి, ఇంట్లో పిడుగు పడ్డా పూలు ఎండకూడదు.

"మరి అసలు అచ్చు ఏమాయె?"

దీప ఒక్కసారి అన్న వైపు చూసింది. అన్న కొడతాడేమోనని భయపడుతోందనుకుంది త్రివేణి.

"చెప్పవే!" శివ అరిచాడు. "నోట్ల నాలుక లేదా? ఎవలికిచ్చినవ్? ఎన్నొద్దులసంది నడుస్తుంది గీ కథ?" అంటూ చెయ్యెత్తి ముందుకు వచ్చాడు.

"ఆడివిల్ల మీద చెయ్యి లేపకురా" అంది లక్ష్మీనర్సమ్మ, పూల మీంచి కళ్ళెత్తకుండానే.

శివ చెయ్యి దించాడు. కాని కేకలు ఆపలేదు. "నీకు తెల్వదమ్మా. దీనివల్ల త్రివేణి ఇజ్జత్ పోయింది. పండుగ ముంగట గిరాకీ అంత పోతది. రేపు ఒక్కలు ఫొటో తెచ్చిస్తరా మనకు?"

త్రివేణి దీప ఎదురుగా నేల మీద కూలబడింది. అరవాలని లేదు.

"నిన్ను నేనేమన్న తక్కువ చేసిన్నా? ఇంటర్ తప్పినవని ఇంట్ల అందరు తిడ్తుంటే నా పక్కన కూసోవెట్టుకున్న. గుజ్జు వడగట్టుడు కాడికెల్లి కండ్లు దిద్దుడు దాక అన్నీ నేర్పిన. నా సొంత చెల్లె ఉంటే గూడ గింత నేర్పకపోదును. నాకు చెప్పకుంట గిట్లెట్ల చేసినవ్?"

"నన్నడగకు వదినా."

"నిన్ను గాక ఎవలనడగాలె?"

"ఎవ్వల్ని అడగకు. ఆ బొమ్మేదో తెచ్చిచ్చేయి. తెచ్చిచ్చి ఊకో."

"చెప్పనంటవ్?"

"చెప్ప." దీప మళ్ళీ బ్రష్ చేతిలోకి తీసుకుంది. "చెప్తే ఈ పండుగకు ఈ ఇంట్ల ఎవ్వలు అన్నం తినరు."

ఇంత చేసి, పైగా బెదిరింపు ఒకటా! అప్పటిదాకా త్రివేణి గుండెలో ఉన్నది బాధ. ఆ మాటతో అది మంటైంది. దొరికిపోయిన మనిషి కాళ్ళావేళ్ళా పడితే క్షమించవచ్చు. ఇలా బిగుసుకుని కూర్చుంటే ఏం చేయాలి?

"ఆ బ్రష్ ఆడ పెట్టు" అంది. "ఇయ్యాల్టి సంది నా పని దిక్కు రాకు."

దీప బ్రష్‌ను నీళ్ళ గ్లాసులో కడిగింది. గుడ్డతో తుడిచింది. కొసను వేళ్ళతో సన్నగా చేసి డబ్బాలో నిలబెట్టింది. త్రివేణి నేర్పిన పద్ధతే అది.

"నేను దీన్ని బోడుప్పల్ల పెద్దమ్మ ఇంట్ల దించొస్త" అన్నాడు శివ, చొక్కా వేసుకుంటూ. "పండుగ అయ్యేదాక ఆడనే ఉండనియ్యి. కండ్ల ముంగటుంటే నీకు బీపీ వెరుగుతది. నువ్వు పొయ్యి ఆ ఉప్పల్ ఆమెతోని మాట్లాడు. దీన్ని దించి నేను ఆడికే వస్త, నిన్ను బండి మీద తోలుకొస్త. ఫికర్ చెయ్యకు."

ఆ మాటకు త్రివేణి మనసు కాస్త చల్లబడింది కూడా. తోడబుట్టినదాన్ని కాదని పెళ్ళాం పక్షాన నిలబడ్డ మగవాణ్ణి నాచారంలో ఎన్ని గల్లీలు తిరిగితే చూడగలం! అందరి రాత ఇంత బాగుంటుందా అనుకుంది పిచ్చిది.

దీప రెండు జతల బట్టలు కవర్లో పెట్టుకుంది. తల్లి దగ్గర ఒక్క నిమిషం నిలబడింది. లక్ష్మీనర్సమ్మ కూతురి జడలో ఒక బంతిపువ్వు తురిమి, మళ్ళీ తంగేడు కట్టల్లో పడిపోయింది. కూతురు తప్పు చేసిందని నమ్మిందో, నమ్మలేదో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు.

గుమ్మం దగ్గర దీప ఆగింది. "ఎండవెట్టిన ముఖాలు తిప్పు వదినా. ఒక్క దిక్కే ఎండితే గుంజుకుంటయ్."

"నువ్వు చెప్పాల్నా నాకు? పో!"

బండి చప్పుడు మలుపు తిరిగేదాకా త్రివేణి కదల్లేదు. తర్వాత లేచి వెళ్ళి ముఖాలను తిప్పింది. ఇంకా కళ్ళు దిద్దని ముఖాలు. నాలుగూ నలుగురి ఇళ్ళల్లో పోయినవాళ్ళవి. దీప చెప్పింది నిజమే, ఒకటి అప్పుడే కాస్త వంకర తిరిగింది.

ఫోను మోగింది. పరంధామయ్య గారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, మృదంగం వాయించే తండ్రి బొమ్మను పోయిన ఏడు చేయించుకున్నాడు.

"ఏం లేదమ్మాయ్, ఊరికే చేశాను" అన్నాడాయన. కాసేపు ఎండల సంగతి, సమ్మె సంగతి మాట్లాడి, తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మా నాన్నగారి అచ్చు పగలగొట్టేశారు కదమ్మా?"

"పలగ్గొట్టినం సార్."

ఆ మాట అనేటప్పుడు తన గొంతు తనకే అబద్ధంలా వినిపించింది. అన్నపూర్ణమ్మ గడువు ఇచ్చింది కాని, గుమ్మంలో కేకలు విన్న వీధికి గడువు లేదు. ఆ వార్త అప్పుడే ఇల్లిల్లూ తిరుగుతోంది. ఆ రెండో బొమ్మను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టకపోతే ఈ దసరాతో తన మాటకు విలువ పోయినట్టే. మాట పోయాక చేతిలో ఎంత పనితనం ఉంటే ఏం లాభం?

* * *

త్రిపురసుందరి గారిల్లు ఉప్పల్లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లో మొదటి అంతస్తు. తలుపు తీయగానే ఆవిడ, వచ్చింది ఎవరో కూడా అడగకుండా, త్రివేణికి బొట్టు పెట్టి, గంధం రాసి, చాప మీద కూర్చోబెట్టింది. పండగ రోజుల్లో ఆడమనిషి గుమ్మంలోకి వస్తే ముందు బొట్టు, తర్వాత పేరు.

త్రివేణి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సంచిలోంచి అన్నపూర్ణమ్మ గారి బొమ్మను తీసి పక్కన పెట్టింది. తన దగ్గరున్న రాధాకృష్ణుల జంటను కూడా తీసి, "దీనికి బదులు ఇవి పెట్టుకోండమ్మా" అంది.

త్రిపురసుందరి నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో రాత! అందుకా ఆవిడ నిన్న పలక్కుండా వెళ్ళిపోయారు! శనగలు సరిగ్గా ఉడకలేదేమో, నొచ్చుకున్నారేమోనని నేను రాత్రంతా మథనపడ్డానమ్మా. కన్నతల్లి ముఖం అలా చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. తీసుకెళ్ళు తల్లీ, బదులు ఏమీ వద్దు."

అంత సులభంగా పని అవుతుందని త్రివేణి అనుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎక్కడ కొన్నరమ్మా?"

"ఇక్కడే, చౌరస్తా దాటాక కొత్తగా పెట్టిన బొమ్మల దుకాణంలో. ఇల్లు మారేటప్పుడు మా పాత బొమ్మల పెట్టె కింద పడి అన్నీ విరిగిపోయాయి. ఈసారి కొలువంతా వాడి దగ్గరే కొన్నాను. ముఖాల్లో భలే జీవం ఉంది కదూ?"

త్రివేణి కొలువు దగ్గరికి వెళ్ళింది. తక్కెడ పట్టుకున్న బొమ్మను ఎత్తింది. ఎవరో పనితనం లేనివాడు గులాబీ రంగు పెయింటు పూసి, కనుబొమలు గీతల్లా లాగేశాడు. బుగ్గ మాత్రం తనదే.

బొమ్మను సంచిలో పెట్టబోతూ పై మెట్టు చూసింది. అక్కడ సంగీత కచేరీ. మృదంగం వాయిస్తున్న మనిషికి గుబురు కనుబొమలు, వాటి మధ్య గాటులాంటి ముడత. పరంధామయ్య గారి తండ్రి.

తంబూరా పట్టుకున్నావిడ? లాలాపేట నుంచి వచ్చి చేయించుకున్న వాళ్ళ మేనత్త. కింద పెళ్ళి ఊరేగింపులో పల్లకి మోస్తున్నవాళ్ళు? నలుగురిదీ ఒకే ముఖం. నాగోల్ డ్రైవర్ గారి నాన్నది.

త్రివేణి ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ కిందికి వచ్చింది. మూడేళ్ళ పని. మూడేళ్ళుగా ఎవరెవరో ఏడుస్తూ తెచ్చి ఇచ్చిన ముఖాలన్నీ అక్కడ కూరగాయలు అమ్ముతున్నాయి, దీపాలు పట్టుకున్నాయి, దండాలు పెడుతున్నాయి. ఒక్క అచ్చు కూడా పగల్లేదన్నమాట. దీపా, ఎంత పని చేశావే అని పళ్ళు కొరుక్కుంది.

అన్నిటికంటే కింది మెట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు రోట్లో వడ్లు దంచుతున్నారు. రెండో ఆమె ముఖం కొద్దిగా పైకెత్తి ఉంది. పై పెదవి చిన్నది, కింది పెదవి పెద్దది. నవ్వబోయి ఆగిపోయినట్టుంది.

త్రివేణి చేతిలోని తక్కెడ బొమ్మను సంచిలో పెట్టింది. చాప మీద కూర్చుండిపోయింది.

అది ఏ గిరాకీ ముఖమూ కాదు. అది ఆమె తల్లి.

జనగామ దగ్గర ఊళ్ళో ఆమె తల్లి మంచం పట్టినప్పుడు, పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ చేసిన ముఖం అది. తల్లి పోయాక అచ్చు తీసింది. కాని దానిలో గుజ్జు నింపడానికి ఈ రోజు దాకా చేతులు రాలేదు. ఆ ముఖంతో ఒక్క బొమ్మ కూడా చేయలేదు. తల్లి పాత చీరలో చుట్టి, ఇనుప పెట్టెలో పెళ్ళి చీరల అడుగున పెట్టింది. అలాంటి అచ్చు ఒకటుందని దీపకు తెలియదు. అత్తగారికీ తెలియదు. అచ్చు పెట్టెలో పెట్టిన రోజు ఇంట్లో ఉన్నది ఒక్క శివే. ఏడుస్తున్న భార్యను పట్టుకుని, "ఇది మాత్రం ఎన్నడు పలగ్గొట్టకు" అని తనే పెట్టె మూశాడు. తనే తాళం వేశాడు. నువ్వు పారేసుకుంటావంటూ తాళంచెవిని తన బండి తాళాల గుత్తికే తగిలించుకున్నాడు.

దీప పొద్దున అన్న వైపు ఎందుకు చూసిందో త్రివేణికి అప్పుడు అర్థమైంది. చెప్తే ఇంట్లో ఎవరూ అన్నం తినరని ఎందుకందో కూడా అర్థమైంది. అన్నను కాపాడుకుంది ఆ పిల్ల. ఆ అన్నే చెయ్యెత్తి మీదికి వచ్చాడు. తనేమో బ్రష్ కింద పెట్టమంది.

"ఏమ్మా, అదీ మీవాళ్ళ బొమ్మేనా?" త్రిపురసుందరి పక్కకు వచ్చి కూర్చుంది.

"మా అమ్మ" అంది త్రివేణి.

ఆవిడ కొలువు వైపు జరిగింది. బొమ్మను తీసి, కొత్త రవిక గుడ్డలో చుట్టి, తాంబూలంతో పాటు త్రివేణి ఒడిలో పెట్టింది.

* * *

అపార్ట్‌మెంట్ గేటు బయట శివ బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఎదురు వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మలు దించి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. పిల్లలు చుట్టూ పరుగెడుతున్నారు.

"దొరికిందా?" అన్నాడు శివ. సంచి చూసి అతని ముఖం విప్పారింది. "దొరికింది గద! ఇగ నీ మేడం నోరు మూతవడ్తది. దీపను దించొచ్చిన. పెద్దమ్మకు గూడ చెప్పిన, మా ఇంట్ల దీనికి ఇగ పని లేదని. నా చెల్లె గింత పని చేస్తదనుకోలే త్రివేణీ. నాకు మస్తు సిగ్గయితుంది."

త్రివేణి అతని ముఖంలోకి చూసింది. పెళ్ళైన నాటి నుంచీ చూస్తున్న ముఖమే. ఒక్క గీత కూడా మారలేదు. ముఖాలు చదివి బతికే తనకు ఇంట్లో ఉన్న ముఖమే తెలియకుండా పోయింది.

"ఇనుప పెట్టె తాళంచెవి ఏడున్నది?" అని అడిగింది.

"ఏడుంటది? నా దగ్గర్నే ఉన్నది గద. ఎందుకు?" శివ బండికి ఉన్న గుత్తిని లాగి, వేళ్ళతో వెతికి, చిన్న ఇత్తడి తాళంచెవిని పట్టుకుని చూపించాడు.

త్రివేణి దాన్ని అందుకోలేదు. కొంగులో పొదువుకున్న బొమ్మ మీది రవిక గుడ్డ పక్కకు తీసింది.

శివ బొమ్మను చూశాడు. తాళాల గుత్తి పట్టుకున్న చెయ్యి గాలిలో అలాగే ఆగింది.

"మా అమ్మను పెట్టెలకెల్లి ఎవలు తీసిన్రు?"

"త్రివేణీ, జర నా మాట విను. ఒక్క బొమ్మ చేసి అంత మంచి అచ్చు పలగ్గొట్టుడేందని నాకు ఎప్పుడూ కడుపుల కాలుతుండె. నీ పని మస్తు మంది సూడాలె అనుకున్న. దుకాణపాయన గూడ గదే అన్నడు. దీప వద్దనే అన్నది, నేనే ఒట్టు పెట్టించుకున్న." అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ అమ్మది ఇయ్యద్దనే అనుకున్న. గది ఒక్కటి తప్పయింది. గది ఒక్కటే."

గది ఒక్కటే! మిగతావన్నీ తప్పు కాదన్నమాట. పంపించేసిన చెల్లెలు కూడా తప్పుల లెక్కలోకి రాదన్నమాట.

"బండెక్కు" అన్నాడు శివ. "ఇంటికి పొయ్యి మాట్లాడుకుందాం. అందరు చూస్తున్నరు."

త్రివేణి తల్లి ముఖం మీద గుడ్డ మళ్ళీ కప్పింది. సంచి భుజానికి తగిలించుకుని రోడ్డు మీదికి నడిచింది. ఎదురుగా జనంతో కిక్కిరిసి వస్తున్న షేర్ ఆటోకు చెయ్యెత్తింది.

"త్రివేణీ! నాచారం గిటు దిక్కు!" వెనక నుంచి శివ అరిచాడు.

ఆటో ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి ఎక్కడికని అడిగాడు.

"బోడుప్పల్" అని ఆమె ఎక్కి కూర్చుంది.